తిరగని బండికి పన్నెందుకు? కట్టిన పైసలు తిరిగి రావెందుకు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూడు ఊర్లలో ఏ మెకానిక్ షెడ్డు ముందుకైనా పోయి చూడండి. టైర్లు ఊడదీసి రాళ్ల మీద నిలబెట్టిన డీసీఎం ఒకటి కనిపిస్తుంది. ఇంజను పట్టేసిన లారీ ఒకటి కనిపిస్తుంది. చుట్టూ గడ్డి మొలిచిన టిప్పరు ఒకటి కనిపిస్తుంది. కదలని ఆ బండ్లన్నింటికీ ఒకటి మాత్రం ఆగకుండా కదులుతూ ఉంటుంది. అదే సర్కారు పన్ను.

మాకు తెలిసిన ఒక డీసీఎం యజమాని ఉన్నాడు. బండి ఒక్కటే ఆయన ఆస్తి. ఇంజను పనికి లక్ష దాటుతుందని మెకానిక్ చెప్పిన రోజు నుంచి బండి షెడ్డులోనే ఉంది. ఫైనాన్సు కిస్తీ ఆగలేదు. ఎనిమిది నెలల తర్వాత అప్పు తెచ్చి ఇంజను చేయించి, ఫిట్‌నెస్ కోసం ఒక రవాణా కార్యాలయానికి పోతే పాత పన్ను, దాని మీద జరిమానా చూపించారు. "బండి నడువలేదు సారూ, పన్నెట్ల నడిచింది?" అని అడిగాడు. "నడువలేదని ముందుగాల రాసిచ్చినవా?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. ఇయ్యలేదు. ఇయ్యాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కట్టి వచ్చాడు.

ఇది ఒక్కడి గోస అయితే మేం రాసేవాళ్లం కాదు. పాలమూరు కింది తాలూకాల్లో ఒక్క బండి మీద బతికే ప్రతి ఇంటికీ ఏదో ఒక ఏడాది ఎదురయ్యే గోస ఇది. అందుకే మాట్లాడాలి. బండి పన్ను ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు కట్టనక్కరలేదు, కట్టిన తర్వాత ఎప్పుడు వెనక్కి రావాలి? ఈ మూడు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రమే మనకు జవాబు తెలుసు. మిగిలిన రెండూ మనకు తెలియకుండానే సర్కారు కాలం గడుపుతున్నది.

చట్టం ఏమంటున్నది?

మనం కట్టేది 1963 నాటి మోటారు వాహనాల పన్ను చట్టం కింద. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టమే రాష్ట్రం వచ్చిన తర్వాత పేరు మార్చుకొని తెలంగాణలోనూ నడుస్తున్నది. సొంత మోటారు సైకిలు, కారు అయితే కొనేటప్పుడే ఒక్కసారిగా జీవితకాల పన్ను గుంజుకుంటారు. లారీ, టిప్పరు, డీసీఎం వంటి బండ్లకు మూడు నెలలకోసారి ముందుగా కట్టాలి. మన బండ్లవాళ్ల నోట అది క్వార్టర్ ట్యాక్సు.

ఈ చట్టంలో మూడో సెక్షన్ గుండెకాయ వంటిది. ఏ బండి మీద పన్ను వేయవచ్చో అక్కడ రాసి ఉంది. రాష్ట్రంలో బహిరంగ స్థలంలో వాడే బండి మీద, వాడడానికి ఉంచిన బండి మీద పన్ను వేయవచ్చు. అంటే బండి ఉన్నందుకు కాదు, సర్కారు రోడ్డును వాడుకున్నందుకు పన్ను. ఇంట్లో బీరువా ఉన్నందుకు పన్ను లేదు. షెడ్డులో ఇనుప ముద్దలాగ పడి ఉన్న బండికీ బీరువాకూ తేడా ఏమిటి?

తేడా నిబంధనల్లో పెట్టారు. పన్ను నిబంధనల్లో 12-ఎ అని ఒకటి ఉంది. బండిని ఇక నడపను అని, కట్టిన పన్ను గడువు ముగియకముందే యజమాని లిఖితపూర్వకంగా ఆఫీసుకు తెలపాలి. తెలపకపోతే ఆ బండి వాడుకలో ఉన్నట్టే లెక్క. బండ్లవాళ్లు దీన్ని స్టాపేజీ అంటారు. ఇచ్చినవాడికి పన్ను ఆగుతుంది. ఇయ్యనివాడి బండి చెట్టు కింద తుప్పు పట్టినా కాగితాల్లో మాత్రం హైదరాబాదు రోడ్ల మీద తిరుగుతూనే ఉంటుంది.

చదువుకున్నోళ్లకు ఇది చిన్న షరతు. కాని ఒక్క మాట ఆలోచించండి. ఏ ఇంజను ముందుగా చెప్పి పట్టేస్తుంది? ఏ ప్రమాదం గడువు చూసుకొని వస్తుంది? 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు, అవతలి ఒడ్డున కర్నూలు మునిగినప్పుడు, ఇంటి ముందు నిలిపిన బండి ఉదయానికి బురదలో కూరుకుపోయింది. ఆ బండి గలవాడు పిల్లలను భుజాన వేసుకొని మిద్దె ఎక్కాలా, ఆర్టీఓ ఆఫీసుకు పోయి స్టాపేజీ రాసియ్యాలా? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి సర్కారే బండ్లను ఆపింది. రాత్రికి రాత్రి ఆపినవాళ్లు, ఆగుతున్నట్టు నువ్వు ముందుగా ఎందుకు చెప్పలేదని యజమానిని అడగగలరా? ముందు చెప్పాలన్న షరతు నెత్తి మీద నీడ ఉన్నవాడిని తలచుకొని రాసింది. రోజు కిరాయికి బతికేవాడిని తలచుకొని రాసింది కాదు.

మన బండి కాలం వేరు, సర్కారు కాలం వేరు

సర్కారు క్యాలెండరులో ఏడాదికి నాలుగు క్వార్టర్లు. మన బండి క్యాలెండరులో సీజన్లు. కొల్లాపూర్ మామిడి ఎండాకాలంలో నాలుగు పైసలు ఇస్తుంది. గద్వాల, అయిజ దిక్కు పత్తి విత్తనాల సాగు, నాగర్‌కర్నూలు దిక్కు పత్తి, పల్లికాయ, వనపర్తి దిక్కు వడ్లు. పంట చేతికొచ్చిన వారాల్లో బండికి నిద్ర ఉండదు. తర్వాత వారాల తరబడి కిరాయి ఉండదు. వానలు పడని ఏడు అయితే సీజనే ఉండదు. పంట లేక మనుషులు వలసపోయిన ఊర్లో డీసీఎంకు కిరాయి ఎక్కడిది?

ఇక టిప్పర్ల సంగతి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి, ఇప్పుడు పాలమూరు-రంగారెడ్డి. మన నేలంతా తవ్విన కాలువలు, పోసిన కట్టలు. 2015 జూన్‌లో కరివెన దగ్గర పాలమూరు-రంగారెడ్డికి శంకుస్థాపన జరిగినప్పుడు మన పిల్లలు ఎందరో అప్పు చేసి టిప్పర్లు కొన్నారు. నార్లాపూర్, ఏదుల, వట్టెం, కరివెన, ఉద్దండాపూర్ జలాశయాల పనులు మొదలైతే పదేళ్లు పని ఉంటుందని ఆశపడ్డారు. పనులు సాగినన్నాళ్లు సాగాయి, ఆగినప్పుడు ఆగాయి. కేసులు, అనుమతులు, బిల్లులు, ప్రభుత్వాలు. కారణం ఏదైనా పని ఆగితే మొదట ఆగేది టిప్పరు. కాంట్రాక్టరు బిల్లు ఏడాదికి వచ్చినా తట్టుకుంటాడు. కింద కిరాయికి బండి పెట్టినవాడికి మాత్రం డీజిలు బాకీ, కిస్తీ బాకీ, వాటి మీద క్వార్టర్ ట్యాక్సు బాకీ.

సర్కారు తన పని తాను ఆపుకొని, ఆ పని మీద బతికే బండికి మాత్రం పన్ను ఆపకపోవడం ఏ న్యాయం?

సుప్రీంకోర్టు చెప్పిన మాట

ఇది మేం ఆవేశంలో అంటున్న మాట కాదు. దేశంలో పెద్ద కోర్టు 2025 ఆగస్టు 29న ఈ మాటే చెప్పింది. అదీ మన ఉమ్మడి చట్టం మీదనే, 1963 చట్టం మూడో సెక్షన్ మీదనే చెప్పింది.

కథ విశాఖపట్నంది. అక్కడి ఉక్కు కర్మాగారం ఆవరణలో ఇనుము, ఉక్కు సరుకు ఎత్తే, దించే, నిల్వచేసే పనికి తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ అనే కంపెనీ 2020 నవంబరులో కాంట్రాక్టు పొందింది. 36 బండ్లను కర్మాగారం డిస్పాచ్ యార్డులో పెట్టి నడిపింది. ఆ యార్డు చుట్టూ గోడ ఉంది. గేట్ల దగ్గర కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంది. అనుమతి లేకుండా బయటివాడు అడుగు పెట్టలేడు. మా బండ్లు సర్కారు రోడ్డు ఎక్కలేదు, మాకు పన్ను వద్దు అని కంపెనీ అడిగింది. రవాణా శాఖ ఒప్పుకోలేదు. కట్టించుకున్నది. కంపెనీ హైకోర్టుకు పోయింది. ఒక్క న్యాయమూర్తి విన్నప్పుడు, కట్టించుకున్న 22,71,700 రూపాయలు వాపసు ఇయ్యమన్నారు. రాష్ట్రం అప్పీలు చేస్తే ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ మనోజ్ మిశ్రా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ మళ్లీ మొదటి తీర్పునే నిలబెట్టారు.

వాళ్లు చెప్పిన సారం సాదా మనిషికీ అర్థమయ్యేదే. మోటారు బండి పన్ను పరిహారం వంటిది. రోడ్లు, రహదారులు వంటి ప్రజా సదుపాయాలను వాడుకున్నవాడు ఆ వాడకానికి కట్టాలి. చట్టంలో బహిరంగ స్థలం అన్న మాటను కావాలనే పెట్టారు. ప్రజలకు పోయే హక్కు లేని మూసిన ఆవరణలోనే తిరిగే బండి బహిరంగ స్థలంలో వాడినట్టు కాదు. కాబట్టి ఆ కాలానికి పన్ను లేదు.

ఈ తీర్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒడిశా గనుల్లో తిరిగే బండ్ల గురించి బొలానీ ఓర్స్ కేసులో 1974లోనే సుప్రీంకోర్టు ఈ దారి చూపింది. అయినా యాభై ఏళ్ల తర్వాత కూడా రవాణా శాఖలు అదే వాదన వినిపిస్తూనే ఉన్నాయి.

ఇక్కడే మేం ఒక మాట అడుగుతున్నాం. 36 బండ్లున్న కంపెనీకి వకీళ్లు ఉన్నారు. హైకోర్టుకు పోయింది, ఓడింది, ఢిల్లీ దాకా పోయింది, గెలిచింది. ఒక్క బండి ఉన్న పెబ్బేరు మనిషి, అచ్చంపేట మనిషి, మల్దకల్ మనిషి ఎక్కడికి పోవాలి? హక్కు కంపెనీకీ ఆయనకూ ఒక్కటే. దాన్ని చేరుకునే తొవ్వ మాత్రం ఒక్కటి కాదు. హక్కు కోర్టులో గెలవాల్సిన వస్తువుగా ఉన్నంతకాలం అది పేదవాడికి లేనట్టే.

తీర్పును ఉన్నదానికంటే పెద్దగా చేసి చెప్పడం కూడా మేం చేయం. ప్రాజెక్టు పనిలో ఉన్న ప్రతి టిప్పరుకూ పన్ను పోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఊరి రోడ్డు మీదుగా మట్టి తోలే బండి రోడ్డు వాడినట్టే. పన్ను కట్టాల్సిందే. గోడ, గేటు, కాపలా ఉండి, పబ్లిక్ రాని చోటనే క్వార్టరంతా ఉన్న బండి వేరు. జలాశయం కట్ట లోపల, మూసిన క్వారీ లోపల, కర్మాగారం లోపల ఉండే బండ్లను ఒక్కొక్కటిగా చూసి తేల్చాలి. ఆ తేల్చే పని సర్కారు చేయాలి. యజమాని కోర్టు మెట్లెక్కేదాకా చూస్తూ కూర్చోవద్దు.

హద్దు మీద బతుకు

గద్వాలది ఇంకో తంటా. తూర్పు, దక్షిణాలకు తుంగభద్ర దాటితే కర్నూలు. పడమటికి పోతే రాయచూరు. దవాఖానకు కర్నూలు, బేరానికి రాయచూరు, పిల్లనిచ్చేది, తెచ్చుకునేది రెండు దిక్కులా. మనకు చుట్టరికాలకు హద్దు లేదు. బండికి మాత్రం ఉంది. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్ర కిరాయి బండ్లకు తెలంగాణ పన్ను వేసింది. తర్వాత అవతలివాళ్లూ మన బండ్ల మీద వేశారు. అలంపూర్ చౌరస్తా నుంచి చూస్తే కర్నూలు దీపాలు కనిపిస్తాయి. కిరాయి తోలే బండికి మాత్రం అది పరాయి రాష్ట్రం.

సొంత బండి సంగతికి వద్దాం. మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషను దేశమంతా చెల్లుతుంది. 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితేనే అక్కడి నంబరు తీసుకోవాలి. కొలువు కోసం రాయచూరుకో, బెంగళూరుకో పోయిన గద్వాల పిల్లవాడు మోటారు సైకిలు వెంట తీసుకుపోతాడు. ఇక్కడ జీవితకాల పన్ను కట్టి ఉంటాడు. అక్కడ మళ్లీ కట్టమంటారు. జీవితం ఒక్కటే, జీవితకాల పన్ను మాత్రం రెండు. ఇక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి తగిన వాటా వెనక్కి అడగవచ్చని ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు? అడగాలంటే మొదట ఇక్కడ నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అక్కడ పన్ను కట్టాలి, కొత్త నంబరు తెచ్చుకోవాలి, ఆ రుజువులు పట్టుకొని మళ్లీ ఇక్కడికి రావాలి. రెండు రోజుల కూలీ, బస్సు కిరాయి, ఏజెంటు చేతి ఖర్చు. లెక్క చూసుకొని చాలామంది "పోనియ్ తియ్" అంటారు. ఆ పోనియ్ అన్న పైసలే కలిసి ఖజానాలో మూలుగుతున్నాయి.

పాత బండిని తుక్కు కింద అమ్మేవాళ్ల సంగతి ఇంకా ఘోరం. బండి నాశనమైనా, ఇక ఎన్నటికీ పనికిరాకుండా పోయినా పద్నాలుగు రోజుల్లో, లేదంటే వీలైనంత తొందరగా, రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీ ఇచ్చేయాలని 55వ సెక్షన్ చెబుతున్నది. అప్పుడు రిజిస్ట్రేషను రద్దవుతుంది. మన దగ్గర జరిగేది వేరు. తండ్రి చనిపోతాడు. ఆయన పేరు మీది పాత లారీని కొడుకులు కిలోల లెక్కన అమ్మేస్తారు. ఆర్‌సీ పెట్టెలో ఉండిపోతుంది. ఇనుము కరిగి ఏ గేటుకో చువ్వ అయిపోతుంది. కాగితంలో లారీ బతికే ఉంటుంది, దానికి పన్ను పెరుగుతూనే ఉంటుంది. చనిపోయిన మనిషి పేరు మీద, చనిపోయిన బండికి బాకీ.

మన ఉద్యమమే వాపసు అడిగిన ఉద్యమం

తెలంగాణ ఉద్యమం దేనితో మొదలైందో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణ మిగులు తెలంగాణలోనే ఖర్చు చేయాలన్నది అందులో ముఖ్యమైన మాట. పన్నెండేళ్లు తిరిగేసరికి మన మిగులు ఎటు పోయిందో తెలియలేదు. 1969లో పిల్లలు రోడ్డెక్కితే కుమార్ లలిత్ కమిటీ లెక్క తీసింది. 34 కోట్ల పైచిలుకు తెలంగాణ మిగులు నిధులు ఇక్కడ ఖర్చు కాలేదని తేల్చింది. మనం ఆనాడు అడిగింది దానం కాదు, కొత్త పథకం కాదు. మా దగ్గర ఎక్కువ తీసుకున్నారు, లెక్క చూపండి, తిరిగియ్యండి అన్నాం. నేటి భాషలో చెప్పాలంటే మనం అడిగింది రీఫండ్.

అంతకు ముందు తరం ఇంకో సంగతి చూసింది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏలిన నేల ఇది. నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో అధికారి వస్తే రైతు ఎడ్లబండి వెట్టికి పోవాలి. కిరాయి లేదు, అడిగే నోరు లేదు. బండి నాది, ఎడ్లు నావి, లాభం మాత్రం పైవాడిది. ఆ వెట్టి మీద మన తాతలు తిరగబడ్డారు. పని చేయని బండి మీద పైసలు వసూలు చేయడం కూడా వెట్టికి దూరపు చుట్టమే.

మలి దశలో బండ్లవాళ్లు చేసినది తక్కువేం కాదు. ఏపీ 22 మీద తెల్ల రంగు పూసి టీజీ అని రాసుకున్నారు. చలానాలకు భయపడలేదు. 2011 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ, పన్నులు కట్టొద్దన్న పిలుపు. అదే ఏడు సెప్టెంబరు 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. పిలుపు వచ్చినప్పుడల్లా లారీ ఆగింది, ఆటో ఆగింది. ఆ రోజుల్లో జాతీయ రహదారి మీద వంట వండుకొని తిన్న జనంలో మేమూ ఉన్నాం. బండి ఆపిన డ్రైవరన్న ఆ రోజు కూలీ పోగొట్టుకున్నాడు. కిస్తీ కట్టుకున్నాడు. ఆగిన రోజులకు పన్ను తగ్గించమని ఆనాడు అడగలేదు. రాష్ట్రం వస్తే మన సర్కారే మనల్ని అర్థం చేసుకుంటుందనుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. మంచి కూడా జరిగింది, చెప్పుకోవాలి. 2014 జూలైలో కొత్త మంత్రివర్గం ఆటోలకు, వ్యవసాయ ట్రాక్టర్లు, ట్రాలీలకు రవాణా పన్ను ఎత్తేయాలని నిర్ణయించింది. పన్ను రద్దు చేస్తే ఆకాశం కూలలేదు. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలు వచ్చాయి. గద్వాల జిల్లా కోసం జనం రోడ్డెక్కి సాధించుకున్నారు. ఏపీ 22 పోయి టీఎస్ 06 వచ్చింది. తర్వాత నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, గద్వాలకు 33 వచ్చాయి. 2024 మార్చిలో టీఎస్ పోయి, ఉద్యమంలో రాసుకున్న టీజీ వచ్చింది. పలక మీద అక్షరాలు ఇన్నిసార్లు మారాయి. పలక వెనక పద్ధతి 1963లోనే నిలబడి ఉంది.

దొంగలు చేరతారన్న సాకు

అధికారులు చెప్పే మాట మాకు తెలుసు. వాపసు సులువు చేస్తే అబద్ధాలు పెరుగుతాయి, బండి ఆగిందని రాసిచ్చి రాత్రిపూట తిప్పుకుంటారు అంటారు. నిజమే, అటువంటివాళ్లు ఉంటారు. 1963లో ఈ భయానికి అర్థం ఉండేది. ఆనాడు చెక్‌పోస్టు దగ్గర మనిషి కంటితో చూస్తే తప్ప బండి తిరిగిందీ లేనిదీ తెలియదు.

ఈనాడు అట్లా ఉందా? 2021 ఫిబ్రవరి నుంచి టోల్‌గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి. సరుకు కదిలితే ఈ-వే బిల్లు. చౌరస్తాలో కెమెరా. హెల్మెట్ లేకుండా సందు మలుపు తిరిగితే ఇంటికి చలానా వస్తుంది. బండి తిరిగినప్పుడు పట్టుకునే కన్ను ఉన్న సర్కారుకు, బండి తిరగనప్పుడు చూసే కన్ను లేదా? ఆగిందని చెప్పిన బండి రోడ్డు మీద దొరికితే గట్టి జరిమానా వేయండి, మేం వద్దనం. ఒక్క దొంగను తలచుకొని వంద మంది నిజాయితీపరుల పైసలు ఆపుకోవద్దు.

2025 అక్టోబరులో రాష్ట్రం రవాణా శాఖ చెక్‌పోస్టులను మూసేసింది. పన్నులు ఆన్‌లైన్లో కట్టవచ్చు, మనుషులు కాపలా కాయనక్కరలేదన్నారు. మంచి పని చేశారు. మనిషి ముఖం చూడకుండా పన్ను తీసుకోగలిగినప్పుడు, మనిషిని పది సార్లు తిప్పకుండా పన్ను తిరిగి ఇవ్వనూ గలగాలి. తీసుకునే తొవ్వ సిమెంటు రోడ్డు, ఇచ్చే తొవ్వ ముళ్లబాట అయితే అది కంప్యూటరు తప్పు కాదు, మనసు తప్పు.

ఇంకో వాదన ఖజానాది. రోడ్లు వేయాలంటే పైసలు వద్దా అంటారు. కావాలి. నడిచే బండి కడుతున్నది, కట్టాలి. కాని పన్ను చట్ట ప్రకారమే వేయాలని, వసూలు చేయాలని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది. రావలసినది కానిది ఖజానాలో ఉంటే అది ఆదాయం కాదు, బాకీ. బాకీ తీర్చడానికి బీద అరుపులు అరవడం సర్కారుకు తగదు.

మేం అడిగేది ఇదీ

ఒకటి. ప్రమాదం, వరద, పెద్ద మరమ్మతు, సర్కారు ఆంక్షలు వంటి వాటితో బండి హఠాత్తుగా ఆగితే, ఆగిన తర్వాత ముప్పై రోజుల్లో తెలిపినా చెల్లేట్టు 12-ఎ నిబంధనను మార్చాలి.

రెండు. స్టాపేజీ తెలుగులో, ఫోను నుంచే ఇచ్చే వీలుండాలి. ఇచ్చిన వెంటనే రసీదు రావాలి. పదిహేను రోజుల్లో అధికారి వచ్చి చూడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క కావాలి.

మూడు. రిజిస్ట్రేషను రద్దయినా, వేరే రాష్ట్రంలో కొత్త నంబరు పడినా, మిగిలిన జీవితకాల పన్ను వాటా అర్జీ లేకుండానే యజమాని బ్యాంకు ఖాతాలో పడాలి. ఆ సమాచారం శాఖ దగ్గర ఉండనే ఉంది.

నాలుగు. మనం ఆలస్యం చేస్తే జరిమానా ఉంది. వాళ్లు ఆలస్యం చేస్తే వడ్డీ ఉండాలి.

ఐదు. 2025 ఆగస్టు 29 తీర్పును పట్టుకొని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో శిబిరాలు పెట్టాలి. మూసిన పని స్థలాల్లో ఉన్న బండ్లెన్ని, ఏళ్లుగా ఆగిన బండ్లెన్ని, తుక్కయిపోయినా కాగితంలో బతికున్న బండ్లెన్ని అని తేల్చాలి. రానవసరం లేని బాకీలు కొట్టేయాలి, తీసుకోకూడని పైసలు వాపసు ఇయ్యాలి.

ఆరు. ప్రతి క్వార్టరుకు ఎన్ని వాపసు అర్జీలు వచ్చాయి, ఎన్ని తీర్చారు, ఎంత ఇచ్చారు అన్నది ఆఫీసు గోడ మీద రాయాలి.

సర్కారు మారేదాకా మన జాగ్రత్త మనది. బండ్లున్న అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. బండి ఆగే సూచన కనిపించిన రోజే, క్వార్టరు ముగియకముందే, తెల్ల కాగితం మీదైనా రాసియ్యండి. ముద్ర వేసిన నకలు తెచ్చుకోండి. తీసుకోకపోతే రిజిస్టరు పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. బండి నిలబడ్డ చోట ఫొటో తీసుకోండి. మెకానిక్ బిల్లు పారేయకండి. తుక్కుకు అమ్మితే ఆర్‌సీ రద్దు చేయించుకున్న తర్వాతే అమ్మండి. అర్జీకి జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. ముప్పై రోజుల్లో జవాబు ఇయ్యక తప్పదు. ఒక్కడు అడిగితే తిప్పి పంపుతారు. స్టాండులో ఉన్న యాభై మంది ఒక్క కాగితం మీద సంతకం చేసి పోతే కుర్చీ వేస్తారు. ఇది ఉద్యమం మనకు నేర్పిన పాఠమే.

మొన్న షెడ్డు దగ్గర ఆ డీసీఎం యజమాని మళ్లీ కనిపించాడు. సుప్రీంకోర్టు తీర్పు సంగతి చెప్పాం. తన బండి యార్డులోనిది కాదని, తన కేసు వేరని కూడా చెప్పాం. అంతా విన్నాడు. "నాకు అచ్చేది అటుంచు సారూ, నా తర్వాతోనికి ముందుగాల చెప్పాలెనని రాయుండ్రి" అన్నాడు. రాశాం. ఇక చదవాల్సింది, చేయాల్సింది ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు. లెక్క అడిగి తెచ్చుకున్న రాష్ట్రం ఇది. లెక్క చెప్పడానికి వెనుకాడితే మళ్లీ అడుగుతాం.